కాటన్ దొర నేర్చిన విద్య

గోదావరి డెల్టాలో ఎన్నో ఊళ్లలో కాటన్ దొర విగ్రహం కనిపిస్తుంది. ఆనకట్ట కట్టించిన మహనీయుడిగా ఆయనను అందరం ఎరుగుదుము. ఆ విద్య ఆయన నేర్చుకున్న తీరు నాకు ఇంకా గొప్పగా తోస్తుంది.

సర్ ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. చిన్న వయసులోనే మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరారు. తంజావూరు సీమలో పనిచేస్తూ, కావేరిపై చోళులు కట్టించిన కల్లణైని శ్రద్ధగా పరిశీలించారు. లోతు తెలియని ఇసుకలో పునాది నిలపడం ఈ దేశపు పూర్వుల నుంచే నేర్చుకున్నామని దాపరికం లేకుండా రాశారు. ఆ విద్యతోనే 1836లో కొల్లడం నదిపై ఆనకట్టల పని చేపట్టారు. 1847-1852 మధ్య ధవళేశ్వరం వద్ద, లంకలను ఆసరా చేసుకొని, నాలుగు భాగాలుగా గోదావరి ఆనకట్ట కట్టించారు. 1833 కరువులో అలమటించిన సీమ అన్నపూర్ణ అయింది.

అయితే చేలకు నీరు పెట్టడం సగం పనే. మిగులు నీరు మురుగు కాలువల గుండా కొల్లేటికో, సముద్రానికో పోవాలి. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేరు వరదను పట్టి నిలిపే తొట్టి వంటిది. దాని నీరు సముద్రానికి చేర్చే ఉప్పుటేరు పూడితే వరద చేల మీదికే ఎగదన్నుతుంది.

నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో సాగు కాలువ మరమ్మతు కాగితం పైన పెట్టి, మురుగు కాలువ పూడికతీత కాగితం అడుగున పెట్టేవాణ్ణి. ఒక వానాకాలం చేలు మునిగాక గాని నా తప్పు తెలియలేదు.

కాటన్ దొర 1899 జూలైలో కన్నుమూశారు. ఏటా వానలకు ముందే వచ్చే ఆయన జయంతినాడు విగ్రహానికి దండ వేసి, ఊరి మురుగు కాలువ వంక కూడా ఒకసారి చూడవలసిందిగా మిత్రులకు మనవి.