గడియారం నేర్పిన శ్రుతి

సంగీతం చేతకానివాడు సంగీత చరిత్రలో స్థిరస్థానం సంపాదించడం అరుదు. లారెన్స్ హామండ్ అట్టివాడు. ఆయన 1895 జనవరి 11న అమెరికాలోని ఇవాన్‌స్టన్ నగరంలో జన్మించాడు. రెండేళ్ళ ప్రాయంలోనే తండ్రి గతించాడు. చిత్రకారిణియైన తల్లి బిడ్డలతో కొన్నేళ్ళు ఐరోపాలో నివసించింది. 1916లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు పట్టం పుచ్చుకొన్న హామండ్, 1928లో విద్యుత్ గడియారాల సంస్థను స్థాపించాడు.

ఆర్థిక మాంద్యం ఆ వ్యాపారాన్ని కుంగదీసింది. కర్మాగారం నిలవాలంటే కొత్త వస్తువు కావలసి వచ్చింది. గడియారపు ముల్లును క్రమం తప్పనీయని మోటారే స్వరాన్నికూడ నిలుపగలదని ఆయన ఊహించాడు. 1934లో పేటెంటు పొంది, 1935లో విద్యుత్ ఆర్గనును లోకానికి చూపాడు. అందులో గతుకుల అంచుగల 91 లోహచక్రాలు అయస్కాంతాల చెంత తిరుగుతూ, తీగచుట్టలలో ఒక్కొక్క స్వరానికి తగిన విద్యుత్తరంగాన్ని పుట్టిస్తాయి.

టెక్కలి చెంతనున్న రావివలసలో, ఎండల మల్లికార్జునుని సన్నిధిలో భజనకు కూర్చున్నవారి హార్మోనియానికి తిత్తి ప్రాణం, ఇత్తడి రీడ్లు గొంతు. ధూళికీ తేమకూ ఆ రీడ్లు శ్రుతి తప్పుతాయి. హామండ్ ఆర్గనుకు శ్రుతి చేసే పనియే లేదు. విద్యుత్ స్పందనమే దానికి శ్రుతి. అది అమెరికాలో సెకనుకు 60, మన దేశంలో 50. అక్కడి వాద్యాన్ని రావివలసకు తెచ్చి, వోల్టేజి మాత్రమే సరిచేసి మీటితే, తారషడ్జం పలుకవలసినచోట చతుశ్రుతి ధైవతం పలుకుతుంది.

శ్రుతి బాధ లేకున్నా సంరక్షణ భారం ఉన్నది. లోపలి చిన్న తొట్లలో ఏటేటా కొద్దిగా పలుచని నూనె పోయాలి. నూలుపోగులు దీపపు వత్తులవలె దానిని ఇరుసులకు చేరుస్తాయి. నూనె ఎండి జిగురైతే చక్రాలు బిగుసుకొంటాయి. మీట ఎంత నొక్కినా మోటారు వేగం అందుకోదు. అప్పుడు బలవంతం పనికిరాదు. తగిన నూనె పోసి, అది పోగులవెంట దిగేవరకు దినాల తరబడి ఓపిక పట్టాలి. తొందరపడి చిక్కని నూనె పోసినవాడు వాద్యానికి అపకారమే చేస్తాడు.

గొట్టాల ఆర్గను కొనలేని చిన్న చర్చిలలో హామండ్ వాద్యం ప్రార్థనకు తోడైనది. ఆయన 1960లో ఉద్యోగ విరమణ చేసి, 1973 జూలైలో మరణించాడు. అనంతరం కొద్దికాలానికే చక్రాల ఆర్గనుల తయారీ ఆగిపోయింది. నేటికీ అవి పలుకుతున్నవంటే, సృష్టించిన బుద్ధికెంత ఋణపడి ఉన్నవో, నూనెబొట్టు మరువని చేతులకూ అంతే ఋణపడి ఉన్నవి.