గిజిగాడి గుట్టు విప్పిన సాలిం అలీ గారు

చెరువుగట్టు ఈతచెట్లకు వేలాడే గిజిగాడి గూడు మనకందరికీ తెలుసు. ఉర్దూలో బయా అంటాము. దాని సంసారం గుట్టు బయటపెట్టినవారు జనాబ్ సాలిం అలీ గారు. 1896లో బొంబాయిలో పుట్టి, పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకొని, మేనమామ ఇంట పెరిగినారు. డిగ్రీ లేదు. జర్మనీలో పక్షిశాస్త్రం నేర్చి 1930లో తిరిగి వస్తే, మ్యూజియంలో ఉన్న నౌకరీ కాస్తా పోయింది. భార్య తెహ్మీనా గారితో కిహీం అనే సముద్రతీర గ్రామం చేరినారు. అక్కడ ఇంటి దగ్గరే గిజిగాళ్ళు. రోజుల తరబడి కనిపెట్టి చూసినారు. మగపక్షి గూడు సగం అల్లి ఆపుతుంది. ఆడపక్షి వచ్చి లోపలికి దూరి చూస్తుంది, నచ్చితేనే కాపురం! ఆపైన మగది గూడు ముగించి, ఇంకొక ఆడపక్షి కోసం ఇంకొకటి మొదలుపెడుతుంది. పొదిగేది మాత్రం ఆడదే. క్లాసులో ఇది చెబితే ఆడపిల్లలకు ఒకటే నవ్వు. 1931లో మన హైదరాబాదు సంస్థానపు పక్షుల సర్వేకు వచ్చినారు. జీతం అడగలేదు, ఖర్చులిస్తే చాలన్నారు.