త్రిపురనేని రామస్వామి

త్రిపురనేని రామస్వామి చౌదరి (జనవరి 15, 1887 - జనవరి 16, 1943) ప్రముఖ హేతువాది, సంఘ సంస్కర్త, కవి, నాటక రచయిత, న్యాయవాది. కవిరాజుగా ప్రసిద్ధుడు.

తొలి జీవితం

రామస్వామి కృష్ణా జిల్లా అంగలూరులో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. 1911 ప్రాంతంలో పల్నాటి యుద్ధం ఇతివృత్తంగా కారెంపూడి కదనం అనే నాటకం రచించాడు. 12వ శతాబ్దంలో ఆ యుద్ధం జరిగిన కారెంపూడి, నాగులేటి ఒడ్డున నేటి పల్నాడు జిల్లాలో ఉంది. ఆ యుద్ధంలో ప్రముఖుడైన బ్రహ్మనాయుడు చాపకూడు ద్వారా కులభేదాలను తోసిపుచ్చాడని ప్రతీతి. కులభేదాల ఖండనే తరువాత రామస్వామి రచనలకు ప్రధాన విషయమైంది. 1914లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండులోని డబ్లిన్ వెళ్ళి, 1917లో బారిష్టరుగా తిరిగివచ్చాడు.

హేతువాదం

1670లో డచ్చి తత్వవేత్త స్పినోజా పవిత్ర గ్రంథాలను కూడా తర్కంతో పరిశీలించాలని వాదించాడు. రామస్వామి పురాణేతిహాసాల విషయంలో ఇటువంటి పనే చేశాడు. 1920 నాటి శంబుక వధ నాటకంలో, తపస్సు చేసినందుకు శూద్రుని చంపడం ఏ న్యాయమని ప్రశ్నించాడు. కురుక్షేత్ర సంగ్రామంలో కౌరవుల పక్షాన్ని సమర్థించాడు. సూతపురాణంలో పురాణాలలోని పరస్పర విరుద్ధాంశాలను ఎత్తిచూపాడు. ఈ రచనలు పండితుల నుండి తీవ్ర విమర్శను ఎదుర్కొన్నాయి. వివాహ మంత్రాలు వధూవరులకు అర్థం కావాలనే ఉద్దేశంతో తెలుగులో వివాహవిధి రచించి, స్వయంగా పెళ్ళిళ్ళు జరిపించాడు.

ప్రజాజీవితం

1922లో తెనాలిలో స్థిరపడ్డాడు. తన ఇంటికి సూతాశ్రమం అని పేరు పెట్టాడు. 1925లో తెనాలి పురపాలక సంఘ అధ్యక్షుడయ్యాడు. గంగానమ్మ కొలుపులలో జంతుబలిని నిషేధించాడు. ఇందుకు వ్యతిరేకత తలెత్తి, అవిశ్వాస తీర్మానం వల్ల పదవి కోల్పోయినా తన అభిప్రాయాన్ని మార్చుకోలేదు. తరువాత తిరిగి ఎన్నికయ్యాడు. ఆ విధంగా ఆయన హేతువాదం గ్రంథాలకు పరిమితం కాక, పురపాలనలోనూ పరీక్షకు నిలిచింది.

వారసత్వం

ఆయన కుమారుడు త్రిపురనేని గోపీచంద్ (1910-1962) ప్రసిద్ధ నవలాకారుడు. పాశ్చాత్య తాత్వికులను తెలుగువారికి పరిచయం చేస్తూ తత్వవేత్తలు అనే గ్రంథం రచించాడు. రామస్వామి శతజయంతి సందర్భంగా 1987లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళను విడుదల చేసింది. హైదరాబాదులోని ట్యాంక్‌బండ్‌పై ఆయన విగ్రహం ఉంది.