వార్ధక్యమున యతిరాజుల కైంకర్యము

వార్ధక్యము శరీరమునకే గాని కైంకర్యమునకు గాదు. ఈ సత్యమునకు శ్రీ భగవద్రామానుజాచార్యులవారి ఉత్తరవయస్సే నిదర్శనము. సంప్రదాయగణనము ననుసరించి వారు 1017వ సంవత్సరమున శ్రీపెరుంబూదూరులో అవతరించి, 1137లో శ్రీరంగమున పరమపదించిరి. మంత్రార్థమునకై గోష్ఠీపూర్ణుల సన్నిధికి పదునెనిమిది పర్యాయములు నడచుట, తిరుమలనంబి యొద్ద శ్రీరామాయణార్థములను వినుట మొదలగు పూర్వకథలు భక్తులందఱును ఎఱిగినవే. ముదిమిలో వారు గడపిన తీరు గృహస్థులకు అంతకంటెను మార్గదర్శకము.

ఎనుబదియేండ్ల ప్రాయమున, తాము చక్కదిద్దిన శ్రీరంగమునే వారు విడువవలసి వచ్చెను. చోళరాజు ద్వేషము నెఱిగి, కూరత్తాళ్వానులు ఆచార్యుల కాషాయములను తాము ధరించి, వృద్ధులైన మహాపూర్ణులతో రాజసభకు వెడలిరి. యతిరాజులు శ్వేతవస్త్రములతో పశ్చిమదిశగా ప్రయాణమైరి. సభలో కూరేశులు నేత్రములను గోల్పోయిరి. మహాపూర్ణులు ప్రాణములనే విడిచిరి. ఆ వార్త దూరదేశమున విన్న ఆచార్యుల దుఃఖమునకు మేర లేదు.

ఆ వయస్సున, ఆ శోకమున, ఎవరైనను ఒక మూల జపమాలతో కూర్చుండినచో తప్పుపట్టువారుండరు. యతిరాజులు అట్లు చేయలేదు. హోయసల ప్రభువగు విష్ణువర్ధనుని ఆదరము పొంది, మేల్కోటలో తిరునారాయణస్వామి ఆరాధనము నుద్ధరించిరి. తొండనూరి చెరువును సైతము సంప్రదాయము వారి కార్యముగనే చెప్పును. తమకు తోడ్పడిన అంత్యజులకు తిరుక్కులత్తారను గౌరవనామ మొసగి, ఉత్సవదినములలో ఆలయప్రవేశమును కల్పించిరి. క్రొత్త దేశము, క్రొత్త భాష, క్రొత్త మనుష్యులు. పండ్రెండేండ్లలో ఆ ప్రాంతమంతయు వారికి స్వగ్రామమయ్యెను.

శ్రీరంగమునకు మరలివచ్చిన పిమ్మట చూపులేని కూరేశులను గాంచి ఆచార్యులు కన్నీరు మున్నీరుగ విలపించిరి. కాంచీ వరదుని స్తుతించి నేత్రములను యాచింపుమని నియమించిరి. కూరేశులు స్తుతించిరి, కాని తమకై కన్నులడుగక, తమకీ దుఃఖమునకు కారకుడైన నాలూరానునకు సద్గతి నర్థించిరి. అట్టి శిష్యుని పొందుటయే ఆచార్యుల వార్ధక్యమునకు పెన్నిధి.

శరీరము సడలినను కావేరీస్నానమును వారు మానలేదు. నదికేగునపుడు దాశరథి భుజమును ఊతగొనెడివారు. మరలునపుడు ధనుర్దాసుని చేయి పట్టెడివారు. ధనుర్దాసుడు బ్రాహ్మణుడు కాడని కొందఱు సందేహింపగా, ఆతని నిరహంకారమును వారికి ప్రత్యక్షముగ చూపిరి. పరుల ఆలంబనమును స్వీకరించుట వృద్ధునకు న్యూనత గాదనియు, ఆ ఊత నిచ్చువాని గుణమునే చూడవలెననియు ఇందలి ఉపదేశము.

విద్యాగోష్ఠియు ఎన్నడును కొఱవడలేదు. తిరువాయ్మొళికి తామే వ్యాఖ్యానము వ్రాసినచో అర్థము అంతటితో ముగిసినదని లోకము తలచునని యెంచి, తిరుక్కురుగైప్పిరాన్ పిళ్ళానులచేత ఆరాయిరప్పడిని వ్రాయించిరి. సంప్రదాయరక్షణమునకు డెబ్బదినాలుగురు సింహాసనాధిపతులను నియమించిరి. చిదంబరమున గోవిందరాజస్వామి సన్నిధికి భంగము కలుగగా, 1130లో తిరుపతియందు ఆ స్వామిని ప్రతిష్ఠించిరని ప్రసిద్ధి. అప్పటికి వారి వయస్సు నూటపదుమూడేండ్లు. నేడు తిరుపతి కేతెంచు యాత్రికులు గోవిందరాజుని సేవించునపుడు ఈ సంగతి స్మరింపదగినది.

తమకంటె ముందే కూరేశులు పరమపదించిరి. ఆ వియోగమును సహించి, వారి కుమారులగు పరాశరభట్టరులను తీర్చిదిద్దుటయందు ఆచార్యులు మనస్సు నిలిపిరి. తుదకు ఎంబారుల యొడిలో శిరస్సును, ఆంధ్రపూర్ణుల యొడిలో పాదములను ఉంచి, శిష్యగోష్ఠి నడుమనే దేహము చాలించిరి.

ఇంటి వృద్ధులు మనుమలకు ఒక పాశురము నేర్పవచ్చును. ఆలయమున నలుగురితో కూడి ఒక పూమాల కట్టవచ్చును. ఎఱుగని గ్రంథమును శ్రద్ధతో వినవచ్చును. శక్తికి మించినది భగవంతుడు కోరడు. ఉన్న శక్తిని భాగవతుల నడుమ వినియోగించుటయే యతిరాజులు చూపిన త్రోవ.