తాజ్‌మహల్‌లో నిద్రించే బాలింత

తాజ్‌మహల్ పేరు వినని వారుండరు. అది కాన్పులో ప్రాణం విడిచిన ఒక తల్లి సమాధి అన్న సంగతి మాత్రం కొందరికే తెలుసు.

ఆమె అసలు పేరు అర్జుమంద్ బాను. 1593లో జన్మించింది. తండ్రి ఆసఫ్ ఖాన్ మొగలు దర్బారులో ప్రముఖుడు. జహంగీరు చక్రవర్తి భార్య నూర్జహాన్ ఆమెకు మేనత్త. 1612లో యువరాజు ఖుర్రంతో వివాహమైంది. ఆయనే తరువాత షాజహాన్. తండ్రిపై తిరుగుబాటు చేసిన భర్త వెంట ఆమె 1623లో గోల్కొండ రాజ్యం మీదుగా, అనగా మన తెలుగు నేల మీదుగా పయనించింది. 1628లో పట్టపురాణి అయి ముంతాజ్ మహల్‌గా ప్రసిద్ధి పొందింది. 19 ఏళ్ళ కాపురంలో 14 కాన్పులు. ఆ బిడ్డలలో పెరిగి పెద్దయినవారు ఏడుగురే.

1631లో దక్కన్ దండయాత్ర కోసం చక్రవర్తి బుర్హాన్‌పూర్‌లో విడిది చేశాడు. తపతీ తీరాన, నేటి మహారాష్ట్ర సరిహద్దుకు చేరువనున్న ఆ పట్టణం మన షోలాపూరు వలెనే మగ్గాల ఊరు. అక్కడ జూన్ 17న, సుదీర్ఘమైన పురిటినొప్పుల తరువాత ఆడబిడ్డను కని, ముంతాజ్ కన్నుమూసింది. అప్పుడామె వయసు 38. బిడ్డ గౌహరారా బతికింది.

రాజవైద్యులుండీ ఆమె ఎందుకు దక్కలేదు? కాన్పు తరువాతి అధిక రక్తస్రావమే కారణమని నేటి వైద్యుల ఊహ. పెక్కు కాన్పుల వలన, దీర్ఘమైన నొప్పుల వలన గర్భసంచి అలసిపోతుంది. బిడ్డ పుట్టాక అది గట్టిగా ముడుచుకొనకపోతే రక్తం ఆగదు. రెండు గంటలలోనే ప్రాణం పోవచ్చు.

కాన్పు కాగానే ఇచ్చే ఆక్సిటోసిన్ సూది, రక్తం ఎక్కించే సదుపాయం నాటి చక్రవర్తికి లేవు. నేడు మన సివిల్ ఆసుపత్రిలో అవి ఉచితం.

కనుక మగ్గం నేసే ఇంటనైనా, బీడీలు చుట్టే ఇంటనైనా గర్భిణి పేరు తొలి నెలలలోనే నమోదు చేయించాలి. రక్తహీనత ఉన్న తల్లికి కొద్దిపాటి రక్తస్రావమూ ప్రమాదమే గనుక ఇనుము మాత్రలు మానరాదు. కాన్పుకు కాన్పుకు మధ్య ఎడముండాలి. రక్తం కనిపించినా, విపరీతమైన తలనొప్పి, కళ్ళు మసకలు, ముఖవాపు, మూర్ఛ కలిగినా పెద్దల అనుమతి కోసం ఆగక 108కి ఫోన్ చేయాలి. పురిటికి సరిహద్దు దాటి తెలంగాణలోని పుట్టింటికి వెళ్ళే ఆడపడుచులు పరీక్షల కార్డును వెంట ఉంచుకోవాలి. 108 వాహనం అక్కడా వస్తుంది.