ఎర్రగా కాలిన ఇనుముకూ అంటుకోని గ్యాస్!

విమానం ఇంజిన్ దగ్గర పైపు లీకై, ఇంధనమో హైడ్రాలిక్ ఆయిలో కాలిపోతున్న లోహం మీద పడితే? ఎంత వేడి దగ్గర అంటుకుంటుందో ఇంజినీర్లు ముందే పరీక్షించి చూస్తారు. రెండొందల ఏళ్ల కిందట ఇలాంటి ప్రశ్నే బొగ్గుగని గ్యాస్ గురించి వేసుకున్నాడు హంఫ్రీ డేవీ. మనకు మాత్రం సోడియం, పొటాషియం కనిపెట్టినాయనగానే తెలుసు.

డేవీ 1778లో ఇంగ్లండ్‌లోని పెంజాన్స్‌లో పుట్టాడు. తండ్రి చెక్క మీద నగిషీలు చెక్కేవాడు. 1794లో తండ్రి పోవడంతో ఊళ్లోని ఓ వైద్యుడి దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. యూనివర్సిటీ గడప తొక్కలేదు. కెమిస్ట్రీ అంతా సొంత చదువే. అయినా 1801కల్లా లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉన్నాడు. 1812లో సర్ బిరుదు వచ్చింది.

అదే ఏడాది మే 25న ఫెల్లింగ్ గనిలో గ్యాస్ పేలి 92 మంది చనిపోయారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఇలాంటివి ఆపే దారి చూడమని 1815లో డేవీని అడిగారు.

డేవీ వెంటనే దీపం డిజైన్ మొదలుపెట్టలేదు. నాకు బాగా నచ్చింది ఇదే. గని గ్యాస్ తెప్పించుకుని, అది దేనికి అంటుకుంటుందో, దేనికి అంటుకోదో చూశాడు. ఎర్రటి బొగ్గు పెట్టాడు, అంటుకోలేదు. ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీకీ అంటుకోలేదు. మంట తగిలితే మాత్రం పేలింది! హైడ్రోజన్ లాంటివైతే అంతకంటే తక్కువ వేడికే అంటుకున్నాయి. వేడి ఉపరితలాన్ని తాకిన గ్యాస్ తేలికై పైకి వెళ్లిపోతుంది, అంటుకునేంత సేపు అక్కడ ఉండదన్నమాట. ఇప్పటి జెట్ ఇంధనమూ అంతే. ల్యాబ్‌లో మూసిన ఫ్లాస్కులో 200 డిగ్రీల పైచిలుకుకే దానంతటదే మండుతుంది. గాలి ఆడే చోట, బయటి లోహం మీద అయితే చాలా ఎక్కువ వేడి కావాలి.

సన్నటి లోహపు గొట్టాల్లోంచి మంట దాటదనీ డేవీ గమనించాడు. ఆ గొట్టాలే చివరికి దీపం చుట్టూ తీగల జాలీ అయ్యాయి. మంట వేడిని జాలీ లాగేస్తుంది, బయటి గ్యాస్ అంటుకోదు. 1816 జనవరిలో హెబ్బర్న్ గనిలో పరీక్షించారు. డేవీ పేటెంట్ తీసుకోలేదు.

కానీ గనిలో గాలి జోరుగా వీస్తే మంట జాలీని దాటేది. జాలీకి చిన్న చిల్లు పడినా అంతే సంగతులు. పైగా దీపం ఉందన్న ధైర్యంతో, అంతకుముందు వదిలేసిన ప్రమాదకర భాగాల్లోకీ కూలీల్ని దింపారు. మరణాలు ఆగలేదు.

అదే సమయంలో జార్జ్ స్టీఫెన్‌సన్ అనే గని మెకానిక్ కూడా ఓ దీపం చేశాడు. బడికి కూడా వెళ్లని మనిషి సొంతంగా ఇది చేశాడంటే డేవీ నమ్మలేదు, తన ఐడియా కొట్టేశాడన్నాడు. కాలేజీ ముఖం చూడనివాడే ఇలా అనడం నాకు మింగుడుపడదు.

డేవీ 1829 మే 29న, 50 ఏళ్లకే, జెనీవాలో చనిపోయాడు. స్టీఫెన్‌సన్ విషయంలో మాత్రం చివరిదాకా తగ్గలేదు.