దోర్నకల్ గ్రామమును ప్రేమించిన బిషప్ అజరయ్య

కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుమార్గమున దోర్నకల్ అను జంక్షను కలదు. సింగరేణి బొగ్గు గనుల కొరకు 1880వ దశకములో వేసిన శాఖామార్గము ఇచ్చటనే చీలిపోవును. అంతకు ముందు ఈ పేరు ఇరుగుపొరుగు పల్లెలవారికి తప్ప ఎక్కువమందికి తెలియదు. నైజాము రాజ్యములో అడవుల నడుమనున్న కుగ్రామమది. చలిజ్వరము, అప్పు, కల్లు, అంటరానితనము ఆ ప్రాంతపు పేదలను నిత్యము పీడించుచుండెను. బేత్లెహేమువంటి చిన్న ఊరిని ఘనపరచిన దేవుడు దోర్నకల్‌ను కూడ జ్ఞాపకము చేసికొనెను. దాని కొరకు ఆయన మరియొక చిన్న గ్రామమునుండి ఒక సేవకుని పిలిచెను.

వేదనాయకం సామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమయందలి వెళ్లాళన్‌విళై గ్రామములో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకంగారు గ్రామ సంఘపు గురువు. తండ్రి మరణించునాటికి అజరయ్యగారు ఇంకను బాలుడే. ప్రార్థనాపరురాలైన తల్లి ఆయనను క్రమశిక్షణతో పెంచెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని, పరీక్షల సమయమున జబ్బుపడినందున పట్టము పొందలేకపోయిరి. 1895 నుండి వై.యం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణ భారతమంతట సంచరించిరి. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. ఆమె ఆయన పరిచర్యలో జీవితాంతము పాలుపంచుకొనెను.

1902లో ఆయన యాఫ్నాకు వెళ్లిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ స్వంత కానుకలతో సువార్తికులను పంపుట చూచి, తన స్వదేశపు సంఘము ఇంకను పరదేశీయుల ధనముపై ఆధారపడియుండుట ఆయనకు భారముగా తోచెను. మరుసటి సంవత్సరము తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘము ఏర్పడెను. 1905 డిసెంబరు 25న సేరంపూరులో జాతీయ మిషనరీ సంఘము స్థాపింపబడినప్పుడును ఆయన ముందునిలిచిరి. తిరునెల్వేలివారు తమ సేవకొరకు ఎన్నుకొనిన పొలము దోర్నకల్ ప్రాంతము.

ఇతరులను పొమ్మని చెప్పి తాను ఇంట నుండుట న్యాయమా అను ప్రశ్న ఆయన హృదయమును విడువలేదు. 1909లో వై.యం.సి.ఏ. పదవిని విడిచి, గురువుగా అభిషేకము పొంది, కుటుంబముతో దోర్నకల్‌కు వచ్చిరి. అప్పటికి ఆయనకు దాదాపు ముప్పదియైదేండ్లు. పేరుగాంచిన ప్రసంగికుడు పల్లెవారి ముందు తెలుగు అక్షరములు దిద్దుకొను విద్యార్థియాయెను. ఆ వినయమే ఆయన పరిచర్యకు పునాది.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన నిర్భయముగా మాటలాడిరి. మిషనరీల త్యాగమును కృతజ్ఞతతో ఒప్పుకొనుచునే, వారు భారతీయులకు దయతోపాటు స్నేహమును కూడ ఈయవలెనని కోరిరి. కొందరు నొచ్చుకొనిరి, అనేకులు ఆలోచనలో పడిరి. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ దేవాలయములో ఆయన బిషప్‌గా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ ఆయనయే. భారతీయుని అధికారమునకు ఐరోపావారు లోబడుదురా అను సందేహము అప్పుడు బాహాటముగా వినబడెను. ఆయన వాదముచేత గాక ఓర్పుచేతను, నమ్మకత్వముచేతను జవాబిచ్చిరి. కళాశాల పట్టము లేని ఆయనకు 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టము నిచ్చెను. ఆ సంవత్సరముననే కృష్ణా జిల్లా మొదలగు తెలుగు ప్రాంతముల సంఘములు కలియగా ఆయన అధ్యక్షఖండము బహుగా విస్తరించెను.

అయినను ఆయన మనస్సు పల్లెలయందే యుండెను. ఎడ్లబండిమీద ఊరూర తిరిగిరి. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు దయ్యములను వెళ్లగొట్టవలెనని బోధించిరి. సంఘములో చేరినవారు పాత కులభేదములను వెంట తెచ్చుకొనినప్పుడు, క్రీస్తు శరీరములో వాటికి తావులేదని గట్టిగా గద్దించిరి. పేద గృహిణులు వంటకు కొలిచిన బియ్యములోనుండి పిడికెడు తీసి ప్రభువుకొరకు దాచునట్లు ప్రోత్సహించిరి. పిడికెడు బియ్యముతోనే సంఘము తన కాళ్లమీద నిలుచుట నేర్చుకొనెను. బాప్తిస్మము పొందిన ప్రతివాడును తన తలమీద చేయి ఉంచుకొని, సువార్త ప్రకటింపకపోయినయెడల తనకు శ్రమయని ఒప్పుకొనవలెనని నేర్పిరి. అక్షరము రాని కూలివాడును అప్పుడు సాక్షియాయెను. సాక్షులైన పల్లెప్రజల మారిన నడవడిని చూచి ఇతర కులములవారును ప్రభువునొద్దకు వచ్చిరి.

దోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. గుమ్మటములు, మినార్లు, తామరపూలు చెక్కిన స్తంభములు గల ఆ మందిరమును చూచినవారికి, క్రీస్తు ఈ దేశమునకు పరాయివాడు కాడని తోచును. 1919లో తరంగంబాడిలో ఆరంభమైన సంఘైక్య ప్రయత్నమునకు ఆయన ఎంతో ప్రయాసపడిరి గాని ఫలము చూడలేదు. 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. ఆయన మరణించునాటికి ఆ అధ్యక్షఖండములో రెండు లక్షలకు పైగా విశ్వాసులుండిరి. ఆయన దేహము తాను కట్టించిన మందిరము చెంతనే సమాధి చేయబడెను.

తమిళుడైన అజరయ్యగారు తెలుగు పల్లెను తన ఊరిగా చేసికొనిరి. నేడు మన తెలుగు కుటుంబములు బతుకుతెరువునకై బిలాస్‌పూరువంటి రైల్వే పట్టణములలో పరభాషల నడుమ నివసించుచున్నవి. మనమున్న ఊరి భాషను నేర్చుకొని, పొరుగువారికి స్నేహితులమైతిమా? లేక పరదేశులవలె కాలము గడుపుచున్నామా? ప్రభువు మనలను ఉంచిన ఊరు చిన్నదైనను, అదియే మన దోర్నకల్.